పక్కసీటు మేస్త్రి

ఆ వీధిలోకి మీరెప్పుడైనా వెళితే, తుప్పుపట్టిన రేకు గేటు దాటగానే ఎర్ర కారొకటి కనిపిస్తుంది. రెండే సీట్లు. పైకప్పు లేదు. ముక్కు ఇంత పొడుగు. ఎప్పుడో రేసుల్లో తిరిగిన కారుకి ఫైబరు అచ్చులో తీసిన నకలు అది. దాన్ని చూస్తే, తాళం తిప్పగానే వీధి వీధంతా ఉలిక్కిపడుతుందనుకుంటాం. తిప్పితే కుట్టుమిషనుకున్నంత చప్పుడు కూడా ఉండదు. మొన్నామధ్య పళ్ళ డాక్టరొకాయన వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంజను వేయించుకుని విని, పకపకా నవ్వాడు.

"ఏంటి మేస్త్రీ! పులి మొహం తగిలించి పిల్లి కూత కూయిస్తున్నారు? పదండి, ఏటి వంతెన దాకా ఓ రౌండు వేద్దాం. దీని సంగతేంటో చూద్దాం."

మేస్త్రి ఏమీ అనలేదు. చేతిలో ఉన్న గుడ్డకి వేళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఇది వింతే. ఒకప్పుడైతే ఆ మాటకి డాక్టరుగారి పళ్ళు డాక్టరుగారే ఏరుకోవాల్సి వచ్చేది. చేత్తో కాదులెండి, నోటితోనే. ఆ నోరు మూతపడి మూడేళ్ళయింది. భార్య పోయిన దగ్గర్నుంచీ అంతే.

సరే, అసలు సంగతి చెబుతాను. కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆయన్ని ఊరంతా పక్కసీటు మేస్త్రి అంటుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుందేమో, నేనైతే ఎప్పుడూ చూడలేదు. మామూలు రిపేర్లు ఆయన చేయడు. పాత కార్లని ముద్దుగా పెంచుకునేవాళ్ళు, నకలు స్పోర్ట్సు కార్లు కట్టించుకునేవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు. వచ్చి అడిగేది ఒకటే: నా కారుకి ఏ కార్బురేటరు పెట్టాలి, ఏ క్యామ్ షాఫ్టు వెయ్యాలి?

ఇదంతా తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి కదా. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి తాగించేది కార్బురేటరు. ఇంజను ఎప్పుడు నోరు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో, ఎప్పుడు మూయాలో చెప్పేది క్యామ్ షాఫ్టు. మోచేతి పొడుగు ఇనుప కడ్డీ, దాని నిండా కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలు. ఆ బుడిపెల్ని ఎలా సానపెడితే ఆ ఇంజనుకి ఆ గుణం వస్తుంది. నోరు ఎక్కువసేపు తెరిపిస్తే పెద్ద వేగంలో వీరంగం వేస్తుంది గానీ, నెమ్మదిగా పోయేటప్పుడు తాగింది తాగినట్టే కక్కుకుని ఉక్కిరిబిక్కిరవుతుంది. తక్కువసేపు తెరిపిస్తే వీరంగాలేవీ ఉండవు, ఎక్కడికంటే అక్కడికి చడీచప్పుడు లేకుండా తీసుకుపోతుంది.

మొదటి రకానికి మేస్త్రి పెట్టిన పేరు కొత్తల్లుడు. పొద్దున ఓ పట్టాన లేవడు, బతిమాలాలి. చిన్నదానికీ పెద్దదానికీ అలుగుతాడు. వీధిలో నెమ్మదిగా నడవమంటే నామోషీ. రెండో రకం పెద్దకోడలు. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పని తెమిల్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి మెచ్చుకునేవాడూ ఉండడు.

వచ్చినవాడల్లా కొత్తల్లుడే కావాలంటాడు. రెండు జంట కార్బురేటర్లు పెట్టి, వాటికి ఇంతింత నోళ్ళు పెట్టమంటాడు. బ్యాంకు దాకా వెళ్ళి వచ్చే మనిషికి రేసు ఇంజను ఎందుకయ్యా? అది అడిగితే పౌరుషం. అందుకని మేస్త్రి ఇంకొకటి అడుగుతాడు.

"పక్కసీట్లో ఎవరు కూర్చుంటారు?"

అంతే. అక్కడ దొరికిపోతాడు మనిషి. "మా ఆవిడండీ" అని ఒకడు, "మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులండీ, ఆయన్ని తిప్పుదామని" అని ఇంకొకడు. నడిపేవాడు చేతిలో స్టీరింగు ఉంది కాబట్టి ఎంత కుదుపైనా భరిస్తాడు, పైపెచ్చు సరదా పడతాడు. పక్కన కూర్చున్నవాళ్ళకి పట్టుకోవడానికి తలుపు పిడి తప్ప ఏముంది? కాబట్టి క్యామ్ షాఫ్టు ఎంచాల్సింది పక్కసీటుని బట్టి. ఇదీ ఆయన సిద్ధాంతం.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. కుర్రతనంలో ఎవడికో కొత్తల్లుడిని బిగించి పంపితే, వారం తిరక్కుండా వాడి తల్లి షెడ్డుకి వచ్చింది. దారి పొడుగునా వాంతులట. "నీకు అమ్మ లేదా నాయనా?" అని నలుగురిలో నిలబెట్టి అడిగింది. ఆ రోజు తల దించుకున్నవాడు, జాబ్ కార్డుల మీద కొత్తగా ఒక గడి అచ్చు వేయించాడు. బండి, ఫిర్యాదు, తేదీ, వాటి కింద 'పక్కసీటు'. ఆ గడి నింపందే పానా ముట్టుకోడు.

ఆ గడులు నింపేది ఆయన భార్య. షెడ్డుకి ఇంటికి మధ్య ఒకటే గోడ. గోడకి కిటికీ, కిటికీ పక్కన బల్ల, బల్ల దగ్గర ఆవిడ. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. మేస్త్రి కారు కింద పడుకుని కేకలు పెడుతుంటే ఈవిడ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కబుర్లలో పెట్టి నిజం రాబట్టేది. "వాళ్ళావిడకి ఐదో నెలటండీ, మెత్తగా పోయేది వెయ్యండి" అని కిటికీలోంచి అందించేది. సగం పేరు ఆయనదైతే సగం ఆవిడది. ఈ మాట ఆయన ముందు ఎవరూ అనేవాళ్ళు కాదనుకోండి.

వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు. వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు, మంచాన పడ్డ అత్తగారి సేవ, అన్నీ ఆవిడ చేతుల మీదుగా జరిగిపోయాయి. ఆ సందడి అంతా సద్దుమణిగాక, తనకంటూ ఏదైనా కావాలనిపించి మేస్త్రి ఈ ఎర్ర కారు మొదలెట్టాడు. ఆదివారాలు మాత్రమే పని. పదకొండేళ్ళు పట్టింది. ఛాసిస్ గొట్టాలు తనే అతుకు పెట్టాడు. ఫైబరు ఒళ్ళు తనే రుద్దాడు. ఒక పాత కుటుంబ కారు ఇంజను తెచ్చి, విప్పి, ఒక్కొక్క మరా కిరోసిన్‌లో కడిగాడు. ఆవిడ ఒక స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని నట్లు లెక్కపెట్టి డబ్బాల్లో వేసేది.

చివరికి ఇంజనుకి క్యామ్ షాఫ్టు, కార్బురేటర్లు ఎంచే రోజు వచ్చింది. ఆవిడ కొత్త కార్డు తీసింది.

"బండి, ఎర్ర కారు. తేదీ వేశాను. పక్కసీటు దగ్గర ఏం రాయమంటారండీ?"

"మన కారుకి మనకి కార్డేంటే? నీకు మరీ చాదస్తం."

"అడగందే పానా ముట్టుకోరుగా మీరు?"

"ఊళ్ళోవాళ్ళ బళ్ళకి అదంతా. ఇది నా కారు. నాకేం కావాలో నాకు తెలియదా?"

ఆవిడ ఒక క్షణం కలం పట్టుకునే ఉంది. తర్వాత ఆ గడి ఖాళీగానే వదిలేసి కార్డుని డబ్బాలో పెట్టేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. నాకు తెలిసి మేస్త్రి బతుకులో ఆ గడి నింపకుండా పానా పట్టింది ఆ ఒక్కసారే.

ఆవిడ తమ్ముడు క్యామ్ షాఫ్టులు సానపెట్టే లేతు షాపు నడుపుతాడు. బావకి కావాల్సింది చెబితే బుర్ర గోక్కున్నాడు. "బావా, ఇది కొత్తల్లుడు కూడా కాదు. కొత్తల్లుడి తాత. నిమిషానికి రెండువేల తిప్పుల్లోపు నడవమంటే కుప్పిగంతులేస్తుంది. అక్క కూర్చుంటుందిగా?" అన్నాడు. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పదకొండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఆఖరికి ఎడ్లబండి నడపమంటావా? నువ్వు సానపట్టు, నేను నడుపుతా" అన్నాడు. వాడు సానపట్టి ఇచ్చాడు. రెండు జంట కార్బురేటర్లు, గాలి పీల్చడానికి వాటి మూతులకి నాలుగు ఇత్తడి బాకాలు, ఆ క్యామ్ షాఫ్టు, అన్నీ బిగిశాయి. మొదటిసారి స్టార్టు చేస్తే కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. మేస్త్రి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడవి సంతోషానివే.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ బయల్దేరారు. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఏటి వంతెన. అక్కడిదాకా వెళ్ళి, నీళ్ళు చూసి రావాలని పదకొండేళ్ళుగా అనుకున్నది. ఆవిడ తలకి చున్నీ కట్టుకుంది. ఊరు దాటేదాకా స్పీడు బ్రేకర్లు, సిగ్నళ్ళు. కారు అణిగి మణిగి పోయే రకమా? కాలు కాస్త ఆనిస్తే ముందుకి దూకడం, తీస్తే వెనక్కి లాగడం, అడుగడుక్కీ ఎగిరెగిరి పడడం. మేస్త్రికి అదంతా పొగరున్న కుర్రాడిలా ముద్దొచ్చింది. ఆవిడ తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. ఆరు కిలోమీటర్లు పోయాక నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర ఆవిడ మెల్లగా అంది.

"ఏమండీ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశాను."

"ఇప్పుడా గుర్తొచ్చేది!"

విసుక్కుంటూనే కారు తిప్పాడు. ఇంటి ముందు ఆపి వంటింట్లోకి పరిగెత్తాడు. స్టవ్వు ఆరిపోయి ఉంది. పాలగిన్నె ఫ్రిజ్‌లో చల్లగా ఉంది. మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. ఓహో, ఇదన్నమాట, అనుకున్నాడు. ఆవిడకి నా కారు నచ్చలేదు. పదకొండేళ్ళు డబ్బాల్లో నట్లు వేసిందంతా నాటకం. ఆయన మనసు ఎంత చివుక్కుమందంటే, బయటికొచ్చి ఆవిడ కారు దిగిందో లేదో కూడా చూడలేదు.

ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా ఆవిడకి ఏదో ఒక పని. బట్టలు నానబెట్టాను, ఎవరో వస్తామన్నారు, తల దిమ్ముగా ఉంది. ఏడాదిన్నర. మేస్త్రి ఒక్కడే తిరిగొచ్చేవాడు, పట్టుదలగా, వంతెన వైపు మాత్రం పోకుండా. ఒకరోజు ఉండబట్టలేక నోరు జారాడు. "ఆ కారంటే నీకు మొదట్నించీ కడుపుమంట. నాకంటూ ఒక్కటుంటే ఓర్చుకోలేవు" అన్నాడు. ఎవరినండీ, ముగ్గురు మరుదుల్ని పెంచిన మనిషిని! ఆవిడ కంచం ముందునుంచి లేవలేదు, ఎదురు చెప్పలేదు. "అన్నం చల్లారిపోతోంది, తినండి" అంది. ఆ మాట తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కార్డు రాస్తూ రాస్తూ ఆవిడ బల్ల మీదికి ఒరిగిపోయింది. లేవబోతే కాళ్ళు కదల్లేదు. పరీక్షలు, స్కానింగులు, ఇంకో పెద్ద డాక్టరు. వెన్నెముకలో గడ్డ. అక్కడితో ఆగలేదు, పాకింది. గదిలో ముగ్గురే ఉన్నారు, డాక్టరు, ఆవిడ, మేస్త్రి.

"నొప్పి ఎప్పట్నుంచమ్మా?"

"ఏడాదిన్నర నుంచండీ."

"ఏడాదిన్నరా! ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

ఆవిడ మేస్త్రి వైపు చూడలేదు. చీర కొంగు అంచు సరిచేసుకుంది.

"కారు కుదుపు అనుకున్నానండీ. ఆ రోజు కార్లో కూర్చున్నప్పుడే మొదటిసారి కలుక్కుమంది. కుదుపుకి నడుం పట్టేసింది, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

మేస్త్రి కుర్చీలోంచి లేచి బయటికి నడిచాడు.

బయట వరండాలో బావమరిది మిగతాది చెప్పేశాడు. ఆ ఆదివారం అక్కా బావా కారులో రావడం చూద్దామని వాడు గేటు దగ్గరే ఉన్నాడట. బావ లోపలికి పరిగెత్తాక అక్క కారు దిగలేకపోతే వాడే చెయ్యిచ్చి దింపాడట. గంటసేపు బాత్రూములో కుళాయి తిప్పుకుని, పంటిబిగువున ఓర్చుకుని, నవ్వుమొహంతో బయటికొచ్చిందట. 

"ఎవరికీ చెప్పనని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది బావా. 'మీ బావకి తెలిస్తే ఆ ఇంజను మర్నాడే విప్పేస్తారురా, పదకొండేళ్ళ కష్టం, నా నడుం నొప్పికోసం పాడుచెయ్యడమెందుకు, నేను ఎక్కకపోతే సరి' అంది. నేనూ కుదుపే అనుకున్నా. ఒట్టు, కుదుపే అనుకున్నా."

వాడు ఏడుస్తున్నాడు. మేస్త్రి ఏడవలేదు. ఆయన బుర్ర ఇంజన్ల బుర్ర. ఎక్కడ పొరపాటు జరిగిందో వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ పోయింది. పెద్దకోడలిని వేసి ఉంటే? కారు మెత్తగా పోయేది. అయినా నడుం నొప్పి వచ్చేది. కుదుపే లేకపోతే నొప్పి ఎందుకొచ్చిందని ఆవిడకి అనుమానం వచ్చేది. తనకి చెప్పేది. ఏడాదిన్నర ముందే డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు. తప్పు మోయడానికి ఆ క్యామ్ షాఫ్టు ఒకటి దొరికింది కాబట్టి రోగం దాని చాటున దాక్కుంది. ఒక్క గడి. అడిగి రాసుకోవాల్సిన ఒక్క గడి.

"ముందే వచ్చి ఉంటే నయమయ్యేదా?" అని డాక్టర్ని అడిగాడు. "చెప్పలేం" అన్నాడు డాక్టరు. మంచివాడు కాబట్టి అంతకంటే ఏమీ అనలేదు.

మర్నాడు మేస్త్రి బావమరిదిని పిలిచి కారు తాళం చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. ఇది వింటే మీరు నమ్మరు. ఊరందరి పక్కసీట్ల గురించీ అడిగిన మనిషి తన కారు పక్కసీట్లో అప్పటిదాకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చున్నాడు. నడుం వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు. కారు కదిలింది, ఎగిరింది, దూకింది. ప్రతి కుదుపూ వేళ్ళకి తగిలింది. మొదటి సిగ్నలు దాటేసరికి తన చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి పోయింది. అక్కడ నల్లరంగు ఒక చోట కాస్త గీరుకుపోయి ఉంది. ఆవిడ గాజు తగిలిన చోటు.

"ఆపు," అన్నాడు.

ఆపాక ఏడ్చాడు. పట్టపగలు, నడిరోడ్డు మీద, అటూ ఇటూ లారీలు పోతుండగా.

పెద్దాసుపత్రిలో ఆవిడకి కరెంటు పెట్టడం, అదే రేడియేషను, మొదలెట్టారు. ఇరవై సార్లు. నొప్పి తగ్గించడానికే గానీ నయం చేయడానికి కాదని ముందే చెప్పారు. పొద్దున్నే ఆంబులెన్సులో తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి తెచ్చి పడుకోబెట్టి, ఆవిడ కునుకు తీసేవేళ మేస్త్రి షెడ్డులోకి వెళ్ళేవాడు. కొత్త పనులేవీ ఒప్పుకోలేదు. ఎర్ర కారు ఒక్కటే. ఆయనకి కావాల్సింది ఒక్కటే. ఆవిడ ఉండగా, ఆవిడ నడుం కదలకుండా, ఏటి వంతెన దాకా తీసుకెళ్ళి నీళ్ళు చూపించాలి.

మొదటి రోజు కార్డుల డబ్బా తీశాడు. ఆ పాత కార్డు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు.

"పక్కసీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?" అని అడిగాడు. వచ్చినవాళ్ళని అడిగే గొంతుతోనే.

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది.

"ఒక ముసలావిడండీ. మీ ఇంటి పెద్దకోడలు. నడుం బాగోదు," అంది.

ఆయన రాసుకున్నాడు. ఆయన రాత కోడి గీకినట్టుంటుంది. ఆవిడ అది చూసి, "ముసలావిడలో వత్తు ఎక్కడిదండీ!" అని నవ్వింది. అంత నొప్పిలోనూ.

జంట కార్బురేటర్లు రెండూ దిగాయి. వాటి చోటికి పాత కుటుంబ కారుదే, చిన్న నోళ్ళది, ఒక్కటే వచ్చింది. నోరు చిన్నదైతే నెమ్మదిగా పోయేటప్పుడు కూడా గాలి జోరుగా లాగుతుంది, పెట్రోలు సన్నగా కలుస్తుంది, ఇంజను తడబడదు. పెట్రోలు కొలిచి వదిలే జెట్లు ఒకటి పెడితే ఒకటి తీశాడు, పదకొండు జతలు మార్చాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, ఊపిరి వింటున్న డాక్టరులా గంటలు గంటలు విన్నాడు. క్యామ్ షాఫ్టు కోసం బావమరిది మూడు సానపట్టాడు. మొదటిది వేస్తే మేస్త్రి పక్కసీట్లో కూర్చుని, నడుం వెనక చెయ్యి పెట్టుకుని, "ఊహూ" అన్నాడు. రెండోది, "ఊహూ" అన్నాడు.

"బావా, ఇంతకంటే మెత్తనిది వేస్తే ఇది స్పోర్ట్సు కారు కాదు, పాలవ్యాను. సగం బలం పోయింది ఇప్పటికే."

"పోనీరా. బలం ఏం చేసుకుంటాను?"

మూడోది వేసినప్పుడు, మూడో గేరులో, మనిషి పరుగంత నెమ్మదిగా పోతున్నా కారు కిక్కురుమనలేదు. స్ప్రింగులు మార్చాడు. పక్కసీటు దూది విప్పించి మళ్ళీ కుట్టించాడు. ఇరవయ్యో కరెంటు అయిపోయిన మర్నాటికి కారు సిద్ధమైంది. ఆవిడ మాత్రం ఆ ఇరవై సార్లకీ సగమైపోయింది.

"బయటికి తీసుకెళ్ళొచ్చా డాక్టరుగారూ?" అని అడిగితే, "ఇక ఆవిడ ఇష్టమే మన ఇష్టం" అన్నాడాయన. ఆ మాటకి అర్థం ఆవిడకీ తెలుసు.

గురువారం పొద్దున, ఎండ ముదరకముందు, బావమరిది అక్కని చేతుల మీద ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. అటొక దిండు, ఇటొక దిండు. తలకి అదే చున్నీ. మేస్త్రి తాళం తిప్పాడు.

"స్టార్టు కాలేదాండీ?"

"అయింది."

"అయ్యో, నా మొహం. చప్పుడే లేదు!" అంది. కాసేపాగి, "ఆ ఇత్తడి బాకాలు బాగుండేవి పాపం. ఆ చప్పుడు నాకు ఇష్టమే తెలుసా? కిటికీలోంచి వినేదాన్ని" అంది.

ఆయన మెల్లగా గేరు వేశాడు. కారు కదిలింది. స్పీడు బ్రేకర్లు దాటింది, సిగ్నళ్ళు దాటింది. ఒక్క కుదుపు లేదు. మేస్త్రి సగం రోడ్డు చూస్తున్నాడు, సగం ఆవిడ చేతులు చూస్తున్నాడు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. మూడు కిలోమీటర్లు. నాలుగు. ఆవిడ రోడ్డు పక్క గోడ మీద ఆరేసిన దుప్పట్లు చూసింది, సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన్ని చూసి నవ్వింది. మేస్త్రికి ఛాతీ నిండింది. చాలు, ఈ ఒక్కరోజు చాలు, అనుకున్నాడు.

నీళ్ళ ట్యాంకు మలుపు వస్తుండగా ఆవిడ ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచింది. మెల్లగా వెళ్ళి తలుపు పిడి పట్టుకుంది. గీరుకుపోయిన చోటే.

మేస్త్రి చెవులు ఇంజను మీదికి పోయాయి. ఎక్కడా తడబాటు లేదు. రోడ్డు నున్నగా ఉంది. కార్బురేటరు సరిగానే ఉంది, క్యామ్ షాఫ్టు సరిగానే ఉంది. అన్నీ సరిగానే ఉన్నాయి. తన చేత్తో తిప్పి సరిచేయడానికి ఈ కారులో ఇంకొక్క స్క్రూ మిగల్లేదని అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆవిడ పెదాలు బిగించి ఎదురుగా చూస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన చూస్తున్నాడని తెలిసి ఇటు తిరిగింది. నవ్వింది.

"ఏమండీ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశాను."

 ఆయన కాలు బ్రేకు మీద పడనివ్వలేదు. కొంచెం కొంచెంగా నెమ్మది చేసి, విశాలంగా ఉన్న చోటు చూసి, ఆవిడకి తెలియనంత మెల్లగా కారు తిప్పాడు.

"అవునే. నేనూ చూసుకోలేదు. పద, పొంగిపోతాయి," అన్నాడు.

 సైకిలు ముసలాయన ఇంకా పోతూనే ఉన్నాడు. ఇల్లు వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, "వెళ్ళి చూసి రండి" అంది.

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. నాలుగు రోజులుగా వెలిగించని స్టవ్వు. గట్టు మీద తడి లేదు, గిన్నె లేదు. ఆయన దాని ముందు నిలబడ్డాడు. బయట కారులో ఉన్న మనిషికి ఇక్కడి చప్పుడు వినిపిస్తుందని ఆయనకి తెలుసు. ఆయన బతుకంతా చప్పుళ్ళే కదా. అందుకని స్టవ్వు మీట ఒకసారి తిప్పి, మళ్ళీ టక్కుమనేలా ఆపాడు. కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాడు.

"సమయానికే వచ్చాం. పొంగలేదు," అన్నాడు.

"హమ్మయ్య," అంది ఆవిడ. "వంతెన ఎక్కడికీ పోదులెండి."